పళ్ళకి కళాయి పెట్టేవాళ్ళు లేరు

పెళ్ళిచూపులు అయ్యాయంటే చాలు, అమ్మాయి జడ దగ్గర్నుంచి కాలిగోటి దాకా అందరూ వంకలు వెతుకుతారు. "అంతా బాగుంది గానీ, పళ్ళే కాస్త పసుపుపచ్చగా ఉన్నాయి" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ ఒక్కమాటకి వంటింట్లోని నిమ్మచెక్క, ఉప్పు, వంటసోడా, బొగ్గుపొడి అన్నీ పెరట్లో కుళాయి దగ్గరికి చేరిపోతాయి.

రాజోలు దగ్గరుండే మా మేనకోడలి సంగతీ ఇంతే. మాఘమాసంలో ముహూర్తం. నెల్లాళ్ళపాటు రోజూ నిమ్మరసంలో వంటసోడా కలిపి తోమింది. అది చాలదన్నట్టు ఇంటర్నెట్‌లో చూసి తెప్పించిన జెల్ కూడా రాసింది. పెళ్ళినాటికి మంచినీళ్ళు కూడా గోరువెచ్చగా ఇస్తేనే తాగింది. బంతిలో పెరుగన్నం నోట్లో పెట్టుకోగానే జివ్వుమని కళ్ళనీళ్ళు తిరిగాయి. చూసినవాళ్ళు అత్తారింటికి వెళ్తున్నందుకు ఏడుస్తోందనుకున్నారు!

తర్వాత అమలాపురంలో పళ్ళ డాక్టరుగారికి చూపించారు. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మనం పులుసు కాచే ఇత్తడి గిన్నెకి లోపల కళాయి ఉంటుంది కదా. ఇసుక పెట్టి రుద్దితే ఆ తెల్లటి కళాయి పోయి కింద పచ్చటి ఇత్తడి బయటపడుతుంది. పన్నూ అంతే. పైన ఎనామెల్ అనే గట్టి పొర, దాని కింద సహజంగానే పసుపురంగులో ఉండే డెంటిన్. తెలుపు కోసం పైపొర అరగదీస్తే, కింది పసుపే మరింత కనపడుతుంది. డెంటిన్‌లో కంటికి కనపడని సన్నటి గొట్టాలుంటాయి. పైపొర పోతే చల్లదనం, తీపి వాటి గుండా నరానికి తెలుస్తాయి. అదే ఆ జివ్వుమనడం. గిన్నెకైతే మళ్ళీ కళాయి పెట్టించుకోవచ్చు. ఎనామెల్ పోతే మళ్ళీ పెరగదు.

ఆవకాయ రోజుల్లో పుల్లమామిడి ముక్కలు తింటే పళ్ళు పులిసి అన్నం కూడా నమల్లేం. నిమ్మరసమూ అంతే. పులుపుకి ఎనామెల్ మెత్తబడుతుంది, అప్పుడే రుద్దితే త్వరగా అరుగుతుంది. పులుపు తిన్నాక నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

మరకలన్నీ ఒకటి కావు. టీ, కిళ్ళీల గార డాక్టరు దగ్గర శుభ్రం చేయిస్తే పోతుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై చిన్నప్పుడే పడ్డ మచ్చలు ఎంత రుద్దినా పోవు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. అది తోముకోనందువల్ల వచ్చింది కాదు, తాగిన నీళ్ళవల్ల వచ్చింది.

మా పిల్లకి ఆ తోమడాలన్నీ మాన్పించి, పొటాషియం నైట్రేట్, అంటే మన సురేకారం, ఉన్న పేస్టు వాడమన్నారు. మూడు వారాలకి జివ్వుమనడం చాలావరకు తగ్గింది. అరిగింది మాత్రం అరిగినట్టే.

తెల్లగా చేయించుకోవాలనే ఉంటే ముందు డాక్టరుకి చూపించండి. పిప్పిపళ్ళు, చిగుళ్ళ జబ్బు లేవని తేలాక, నోటి కొలతకి తొడుగు చేసి, తక్కువ మోతాదు జెల్ ఇస్తారు. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్నది ఎక్కువగా వాడతారట. దాంతోనూ కొద్దిగా జివ్వుమనవచ్చు గానీ, ఆపితే మామూలుగా కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది.

ముత్యాల్లాంటి పళ్ళంటాం గానీ, అసలు ముత్యం మాత్రం సున్నంలా తెల్లగా ఉంటుందా చెప్పండి? ఎవరో ఏదో అన్నారని పిల్ల చేతికి నిమ్మచెక్క ఇవ్వకండమ్మా. అరవై ఏళ్ళొచ్చినా చెరుకుముక్క నమలాల్సిన పళ్ళవి.