గుట్టు, రహస్యం, గోప్యత



పదవీ విరమణ తరువాత మా మండల కేంద్రంలోని న్యాయసేవా కేంద్రంలో వారానికి రెండు రోజులు స్వచ్ఛంద సేవకునిగా కూర్చుంటున్నానని ఇదివరకొక టపాలో ప్రస్తావించాను. అప్పటినుండి పలువురు మిత్రులు ఒకే మాట అడుగుతున్నారు. "మాస్టారూ, అక్కడికి ఎన్నెన్ని కథలు నడిచివస్తుంటాయో! పేర్లు మార్చి రాయవచ్చు కదా?" అని. రాయను అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం మర్యాద కాదు గనుక కారణం చెప్పడానికి ఈ టపా.

ముందుగా ఆ కేంద్రం సంగతి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 39ఏ అధికరణం చేరింది. పేదరికం వల్ల గానీ మరే అశక్తత వల్ల గానీ ఎవరికీ న్యాయం అందకుండా పోరాదని దాని సారాంశం. దానిని ఆచరణలో పెట్టడానికి 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాల వారు, తెగల వారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు మొదలైనవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండానే ఉచిత న్యాయసహాయానికి అర్హులని ఆ చట్టం 12వ సెక్షను చెబుతున్నది. 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం వచ్చింది. విశ్రాంత ఉపాధ్యాయులకూ అందులో చోటున్నది. మేము న్యాయవాదులము కాము. అర్జీ రాసిపెట్టడం, ఏ కాగితం ఏ కార్యాలయంలో ఇవ్వాలో చెప్పడం, అవసరమైన వారిని న్యాయవాది వద్దకు పంపడం మా పని.

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పర్యాయపదాలు చెప్పినవాణ్ణి. గుట్టు, రహస్యం, గోప్యం ఒకదానికొకటి పర్యాయపదాలుగానే వల్లె వేయించాను. నిఘంటువులలోనూ ఇంచుమించు అంతే. కానీ ఆ గదిలో కూర్చున్న తరువాత ఆ మూడు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో తెలిసింది.

గుట్టు అచ్చతెలుగు మాట. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత వినని తెలుగువాడు ఉండడు. మా కేంద్రానికి వచ్చే స్త్రీలలో చాలామంది ఆ సామెతను అత్తవారి నోటనో పుట్టింటివారి నోటనో విని, ఏళ్ల తరబడి మోసి, ఇక మోయలేక వచ్చినవారే. "గుట్టుగా సంసారం చేసుకోవాలమ్మా" అన్న హితబోధలో గుట్టు కాపాడేది ఇంటి పరువును. ఆ ఇంట్లో దెబ్బలు తినే మనిషిని కాదు. ఆ మనిషి నోరు మూయించడానికి కూడా అదే మాట పనికివస్తుంది. ఆమె గుట్టు విప్పి మా గడప తొక్కిందంటే అప్పటికే పెద్ద సాహసం చేసిందన్నమాట. ఆ సాహసానికి మేము ఇవ్వగలిగిన ప్రతిఫలం తక్కిన రెండు మాటలలో ఉన్నది.

రహస్యమన్న మాటకు మూలం 'రహస్'. అంటే ఏకాంతం. ఏకాంతంలో జరిగేది రహస్యం. కనుక చోటు లేనిదే రహస్యం లేదు. ఇది వ్యాకరణం కన్న వడ్రంగానికి ఎక్కువ సంబంధించిన విషయమని నాకు ఆ గదిలో అర్థమైంది. మాకు ఇచ్చినది ఒకప్పటి సామాను గది. తలుపు రెక్క ఒకటి ఊడిపోయి ఉన్నది. బల్లకు ఎదురుగానే వచ్చినవారు వేచి ఉండే బెంచీ. ఒకరు కన్నీళ్లతో చెప్పుకుంటుంటే తక్కిన ఐదుగురు చెవులు రిక్కించి వినేవారు. "గోడలకు చెవులుంటాయి" అంటారు గానీ, మా గదిలో గోడల వరకు పోనక్కరలేదు, బెంచీకే పది చెవులు. మేము మొదట చేసిన పని ఆ బెంచీని బయట వేపచెట్టు కిందకు చేర్చడం. తరువాత తలుపు బాగుచేయించాము. చెప్పుకునేవారి ముఖం కిటికీవైపు పడకుండా కుర్చీ తిప్పాము. వీటికి అయిన ఖర్చు స్వల్పం. ఆ తరువాత వచ్చినవారు మాట్లాడే తీరే మారింది.

చోటు ఏర్పడినా తోడు వచ్చినవారు మిగులుతారు. ఇక్కడ ఒక్క సంగతి, ఆ వ్యక్తి అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి చెబుతున్నాను. ఒకామె బియ్యం కార్డులో పేరు మార్పు కోసమని బంధువు ఒకరిని వెంటబెట్టుకొని వచ్చింది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ బంధువే జవాబు చెబుతున్నారు. ఆమె చూపు మాత్రం బల్లమీది కాగితం విడవడం లేదు. "ఈ మూడు పుటలూ రెండేసి నకళ్లు కావాలండీ, ఎదుటి జిరాక్స్ దుకాణంలో తీయించుకు రండి" అని ఆయనను పంపాను. ఆయన అలా గడప దాటగానే ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట, "మాస్టారూ, ఇది రాయకండి" అని. కలం మూతపెట్టి బల్లమీద ఉంచాను. ఆమె ఏమి చెప్పిందన్నది ఈ టపాలో ఉండదు. ఆయన తిరిగివచ్చేసరికి మేము బియ్యం కార్డు గురించే మాట్లాడుకుంటున్నాము. ఇప్పుడు తోడు వచ్చిన ప్రతివారినీ, కారణం ఉన్నా లేకపోయినా, కాసేపు వేపచెట్టు కింద కూర్చోమంటున్నాము. అందరికీ ఒకటే నియమమైతే ఎవరికీ అనుమానం రాదు.

ఇక గోప్యం. దీనికి ధాతువు 'గుప్'. ధాతుపాఠం దానికి చెప్పే అర్థం రక్షించుట. గోప్త అంటే రక్షకుడు. కనుక గోప్యమంటే దాచవలసినది అనే ముందు కాపాడవలసినది అని అర్థం. కాపాడడానికి ఒక మనిషి కావాలి. చట్టం ఆ మనిషిని న్యాయవాదిలో చూసింది. కక్షిదారు చెప్పుకున్న మాటను అతని స్పష్టమైన అనుమతి లేనిదే న్యాయవాది వెల్లడించరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 126వ సెక్షను శాసించింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అదే నియమం 132వ సెక్షనుగా కొనసాగుతున్నది. న్యాయవాది గుమాస్తాకూ దుబాసీకీ కూడా అది వర్తిస్తుంది. వృత్తిసంబంధం ముగిసిన తరువాత కూడా ఆ బాధ్యత ముగియదు. నేరం చేయడానికి సాయపడమని చెప్పిన మాటకు మాత్రం ఆ రక్షణ లేదు.

ఆ సెక్షనులో అర్జీలు రాసే నావంటి సేవకుని ప్రస్తావన విడిగా లేదు. ఈ తేడా వచ్చినవారికి తెలియదు. నెరసిన తల చూసి, బల్ల చూసి, నన్నూ ప్లీడరుగానే భావిస్తారు. అందుచేత క్రిమినల్ వ్యవహారమైతే, "అమ్మా, ఇంతవరకు చాలు. తక్కినది న్యాయవాదిగారికి చెప్పు. ఆయనకున్న రక్షణ నాకు ఉన్నదని గట్టిగా చెప్పలేను" అని ముందే ఆపుతాను. మరొక హద్దు కూడా ఉన్నది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే ఎవరైనా పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను విధిస్తున్నది. ఆ సంగతి చెప్పకుండా "నాకు చెప్పు తల్లీ, ఎవరికీ చెప్పను" అనడం మోసమే అవుతుంది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడం కూడా గోప్యతలో భాగమే.

చట్టం ఎంత చెప్పినా అసలు పరీక్ష ఊళ్లోనే ఎదురవుతుంది. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన పిల్లవాడొకడు ఇప్పుడు ఊరి పెద్దలలో ఒకడు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లకు దండం పెట్టి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, "మాస్టారూ, మావాళ్లమ్మాయి మీ ఆఫీసుకు వచ్చిందటగా?" అన్నాడు. మాటలో బెదిరింపు లేదు, చనువే ఉన్నది. చనువును తోసిపుచ్చడం బెదిరింపును ఎదుర్కోవడం కన్న కష్టం. రాలేదంటే అబద్ధం. వచ్చింది గానీ చెప్పనంటే సగం చెప్పేసినట్టే. "నాయనా, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నేను ఎవరికీ చెప్పను. రేపు నువ్వు వచ్చినా చెప్పను" అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "నేనెందుకొస్తానండీ" అని నవ్వి, వెళ్లిపోయాడు.

ఈ జవాబు ఆ రోజుకు మాత్రమే తయారుచేసుకొని ఉంటే పనికివచ్చేది కాదు. పింఛను అర్జీ కోసం వచ్చిన ముసలమ్మ గురించి అడిగినా, పొలం గట్టు తగాదా గురించి అడిగినా అదే జవాబు చెబుతూ రావాలి. ఎప్పుడూ చెప్పేవాడు ఒక్కరోజు చెప్పకపోతే ఆ మౌనమే సమాచారమవుతుంది. మా ఆవిడ కూడా "ఇవాళ ఎవరొచ్చారండీ?" అని అడగడం మానేసింది. "ఎండలో వచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇచ్చారా?" అని మాత్రం అడుగుతుంది.

మనుషుల తరువాత కాగితాలు, ఫోన్లు. మా చిట్టాలో 'సమస్య' అన్న గడి అందరికీ కనిపించే పుటలో ఉండేది. దానిని వేరు పుస్తకంలోకి మార్చి బీరువాలో తాళం వేస్తున్నాము. జిరాక్స్ దుకాణంలో పాడైపోయిన నకలును అక్కడి చెత్తబుట్టలో వదలకుండా తెచ్చుకోమని చెబుతాము. అర్జీని ఫోటో తీసి వాట్సాప్ సమూహంలో పెట్టవద్దని సేవకులమందరము అనుకున్నాము. ఫోను నంబరు రాసుకునేటప్పుడు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందని అడుగుతాము. ఇంట్లో ఒకటే ఫోనైతే, ఏ వేళ చేయాలో, వేరొకరు ఎత్తితే ఏమని చెప్పాలో వచ్చినవారినే నిర్ణయించమంటాము. కేంద్రం పేరు ముద్రించిన కవరు కొన్ని ఇళ్లకు పంపరాదు. పోస్టుమన్ చేతిలోని కవరు ఇంటికి చేరేలోపు వీధంతా చదువుతుంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు ఆ ధర్మాసనంలో ఉండి, విడిగా తమ తీర్పు కూడా రాశారు. అంత పెద్ద తీర్పు ఢిల్లీనుండి మా మండలానికి చేరాలంటే, కడపటి మైలు వేపచెట్టు కింది బెంచీ మీదుగా, తాళం వేసిన బీరువా మీదుగా నడవాలి.

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు వద్దాము. పేర్లు మార్చి రాయవచ్చు కదా? నగరంలో అయితే సరిపోతుందేమో. పల్లెలో పేరు అవసరమే లేదు. "రెండో కూతురిని దూరపు ఊరికి ఇచ్చిన ఒక రైతు" అంటే చాలు, పది మందిలో ఒకడు గుర్తుపట్టి తక్కిన తొమ్మిదిమందికీ చెబుతాడు. అంతకన్న ముఖ్యమైనది, ఆ కథ నాది కాదు. చట్టం కూడా అనుమతి ఇచ్చే హక్కును కక్షిదారుకే ఇచ్చింది, విన్నవాడికి ఇవ్వలేదు. నా కలం ఎంత చక్కగా నడిచినా అది వారి బ్రతుకు మీద నేను చేసే సొంత వ్యవసాయమే అవుతుంది.

మీ ఎరుకలో ఎవరికైనా అవసరం పడితే 15100 అన్న జాతీయ న్యాయసేవల నంబరుకు ఉచితంగా ఫోను చేయమని చెప్పండి. వీలైతే ఆ మాట ఏకాంతంలోనే చెప్పండి.

చివరగా ఒక మనవి. మా కేంద్రానికి వచ్చేవారిని ఏమని పిలవాలో నాకు తోచడం లేదు. క్లయింటు అనబుద్ధి కాదు. కక్షిదారు అందామంటే చాలామందికి ఇంకా ఏ కక్ష్యా లేదు, కోర్టు మెట్లెక్కే ఉద్దేశమూ లేదు. అర్జీదారు అంటే అర్జీ వద్దన్నవారి మాటేమిటి? బాధితులు అంటే ఆ మాట వారిని మరింత కుంగదీస్తుంది. ప్రస్తుతానికి 'వచ్చినవారు' అని రాసుకుంటున్నాను. ఇంతకన్న మంచి మాట మీకు తోస్తే వ్యాఖ్యలలో తెలపండి.