ఆ తుప్పు కత్తి ఇటివ్వండోయ్!

ఏమండోయ్, ఆ మంగలికత్తిని పాత సామాన్లవాడికి వేసేస్తున్నారా? ఆగండాగండి! తుప్పు పట్టిందని అంత చిన్నచూపా? ముందు దాన్ని తెరిచి, పిడికీ అలుగుకీ మధ్య ఉన్న మొద్దు ముక్కని బొటనవేలితో రుద్ది చూడండి. దాని జాతకమంతా అక్కడే రాసుంటుంది.

షెఫీల్డ్ అని ఇంగ్లండు కత్తుల ఊరి పేరు కనిపించిందా? ఇంకేం, పండగే! కిరీటం, దాని పక్కన వి.ఆర్. అని ఉంటే విక్టోరియా రాణి కాలందన్న మాట. డబ్ల్యు.ఆర్. ఉంటే మరీ అదృష్టం, నాలుగో విలియం ఏలింది 1830 నుంచి 1837 దాకానే. ఊరి పేరు ఉండి దేశం పేరు లేకపోతే 1891కి ముందుదై ఉండొచ్చు. ఎలాగంటారా? అమెరికా వాళ్ళు 1890లో ఒక సుంకాల చట్టం తెచ్చారు. మరుసటేడు నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలన్నారు. ఎక్కడో వాషింగ్టన్‌లో చేసిన చట్టం పట్టుకుని ఇక్కడ పాత సామాన్ల జుమ్మేరాత్ బజార్లో కత్తి వయసు అంచనా కట్టొచ్చు! ఇలాంటివంటే నాకు ప్రాణం.

కొన్నిటి మీద సిల్వర్ స్టీల్ అని చెక్కి ఉంటుంది. దాని వెనక కథ చెప్పకుండా మిమ్మల్ని వదల్ను, కూర్చోండి. మైకెల్ ఫారడే తెలుసుగా, కరెంటు ఫారడే! ఆయన 1820 ప్రాంతంలో జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కు వెంట పడ్డాడు. ఇద్దర్నీ ఊరించిందేమిటో తెలుసా? మన దేశపు మూస ఉక్కు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో కాచేవారే, కొనుక్కోవడానికి పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారే, అలాంటి ఉక్కు. దాని గుట్టు పట్టాలని మొదలెట్టి, వెండి, ప్లాటినం, రోడియం, ఏది దొరికితే అది ఉక్కులో కలిపి కరిగించారు. వెండి అయితే 500 వంతుల్లో ఒక వంతు మించి కలవనంది. ఫారడే ఆ ప్రయోగాల ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి స్నేహితులకి కానుకగా ఇచ్చాడు కూడా! తర్వాత షెఫీల్డ్ వాళ్ళు సిల్వర్ స్టీల్ అనే పేరుని గట్టిగా పట్టుకున్నారు. పేరుంది కదాని ప్రతి కత్తిలోనూ వెండి ఉందనుకుని కరిగించేరు సుమా!

సరే, తుప్పు సంగతి చూద్దాం. ఎర్రది పైపైనే ఉంటుంది. నూనె రాసి, సన్నటి ఉప్పుకాగితంతో నిదానంగా రుద్దితే వదులుతుంది. నల్లమచ్చ లోతుకి దిగుతుంది. అలుగు మధ్యలో గుంట ఉంటే ఉండనివ్వండి, వయసొచ్చిన కత్తికి ఆ మాత్రం మచ్చ అందమే. అంచుకి ఆనుకుని ఉంటేనే చిక్కు. అది పోయేదాకా అరగదియ్యాలి. మెరుపు రావాలని కొందరు పాలిష్ మిషన్ పెట్టేస్తారు, ఆ మాట వింటేనే నా గుండె గుభేలుమంటుంది. పల్చటి అంచు రెప్పపాటులో వేడెక్కుతుంది. గోధుమ రంగో నీలమో తేలిందా, కొలిమిలో ఇచ్చిన పదును దిగిపోయినట్టే. చేతికి చురుక్కుమంటే ఆపెయ్యాలి, అంతే.

పిడి కొమ్ముదైతే ఇంచక్కా నూనె తాగిస్తే మళ్ళీ నిగనిగలాడుతుంది. సెల్యులాయిడ్‌దైతే మాత్రం కనిపెట్టి ఉండండి. చివకడం మొదలెడితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పక్కనున్న మంచి కత్తులకి కూడా తుప్పు అంటించేస్తుంది. దాని కాపురం వేరే పెట్టెలో పెట్టండి.

ఇప్పుడు అసలు మజా. సాన!

కత్తిని రాయి మీద పడుకోబెట్టండి. వెన్నూ అంచూ రెండూ ఆనాలి. కోణం ఎంతని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెన్ను మందమే కొలిచి పెడుతుంది, 16, 17 డిగ్రీలు అటూ ఇటూగా. అంచుతో పాటు వెన్నూ అరుగుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి నూరినా కోణం పెద్దగా మారదు. ఇంత తెలివైన వస్తువు మీ ఇంట్లో ఇంకొకటుందా, చెప్పండి?

రాళ్ళంటారా, 1000 నెంబరుతో మొదలెట్టి 4000, 8000, 12000 దాకా వెళ్ళొచ్చు. నా మనసు మాత్రం బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్ మీదే. లేత పసుపు రాయి. దాన్నిండా కంటికానని గార్నెట్ రవ్వలు. అంటే మన నవరత్నాల్లో గోమేదికం ఉందే, దాని చుట్టాలు! గోమేదికాల చుట్టాలతో గడ్డం కత్తి నూరుకోవడం కన్నా వైభోగం ఏముంది?

రాయి మీద నీళ్ళు చల్లి, అంచు ముందుగా తోయండి. బరువు వెయ్యొద్దు, కత్తి బరువే చాలు. మొదట్లో నీళ్ళు అంచు మీదికి ఎక్కవు. కాసేపటికి చూడండి, మడమ దగ్గర, అంటే పిడి వైపు, నీళ్ళు అలుగు మీదికి ఎక్కుతాయి. తర్వాత మధ్యలో. కొస మాత్రం మొండికేస్తుంది. అక్కడ అంచు ఇంకా రాతికి అందలేదన్న మాట. కొస కూడా దారికొచ్చి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నీటిపొర ఒకేలా పైకెక్కినప్పుడు చప్పుడు కూడా మారుతుంది. గరగర పోయి సుయ్యిమంటుంది. ఆ సుయ్యి వినడానికి నేను సాయంత్రమంతా కూర్చుంటాను. మీరూ కూర్చుంటారు, చూస్తూ ఉండండి.

తర్వాత నవారు గుడ్డ, దాని తర్వాత తోలు పట్టా. ఇక్కడ వరస తిరగబడుతుంది. వెన్ను ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. అంచు మీద తిప్పారో, పట్టా తెగుతుంది! పాతకాలపు క్షురకులు కొందరు అరచేతి మీదే చకచకా లాగేసేవారు, ఆ లాఘవం చూసితీరాలి.

పదును వచ్చిందో లేదో చూడాలా? తలవెంట్రుక ఒకటి పట్టుకుని అంచు మీద ఊరికే వాల్చండి. టక్కున తెగిపడాలి. కుదురో కొసో, ప్రతిసారీ ఒకే వైపు పట్టుకోవాలి, మరిచిపోకండి. పొడుగువైతే ఇంకా బాగా తెలుస్తుంది. అలాగని మీ ఆవిడ దువ్వెనలోవి లాక్కొచ్చేరు, చిక్కుపడ్డ వాటిలో కుదురేదో కొసేదో తేలదు. మంచిగా అడిగి ఒకటి పుచ్చుకోండి. ఎలా అడుగుతారో అది మీ చాకచక్యం.