గాలి వీచిన రాత్రి

బడిపంతుళ్ళుగా రిటైరయ్యాక మేమిద్దరం పామర్రు దగ్గర మన సంఘ కూటముల ఆవరణలోనే కాపురముంటున్నాము. తెల్లవారుజామున నీళ్ళ డ్రమ్ములు నింపడం, చాపలు దులపడం, మరుగుదొడ్లు కడగడం, వచ్చినవారికి పడక చూపడం మా పరిచర్య.

మొన్న కూటాల్లో ఒక రాత్రి గాలి హోరెత్తి, కరెంటు పోయింది. దివిసీమ నుండి వచ్చిన ఒక వృద్ధ సహోదరి లేచి కూర్చున్నారు. “గాలి లేస్తే నిద్రపట్టదండీ” అన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆమె ఇద్దరు బిడ్డలు కొట్టుకుపోయారు. ఏ వాక్యం చెప్పాలో మాకు తోచలేదు. లాంతరు వెలిగించి, తెల్లవార్లూ ఆమె పక్కనే కూర్చున్నాము.

ఆతిథ్యమంటే అన్నము, పడక అనుకున్న మాకు మేలుకొని ఉండడం ప్రభువు నేర్పాడు. ఉదయం మాకంటే ముందే ఆమె చీపురు పట్టుకొని ఆవరణ ఊడుస్తున్నారు.