కరియతో ఆవని గుట్ట

దసరా అయిపోయినంక వచ్చే ఆదివారం మా ఇంటిల్లిపాదీ ఆవని గుట్టకు పోవడం వాడుక. ముళబాగిలుకు దగ్గరే. కుక్కలు రెండూ మాతోనే. అప్పటికి వానలు తగ్గినా గడ్డి పచ్చగానే ఉంటుంది, దొనల్లో నీళ్ళుంటాయి. అయితే ఎండెక్కితే ఆ బండ పెనమే. మనకు చెప్పులున్నాయి, వాటికేముంది? చెయ్యి తిరగేసి బండమీద పెట్టి చూస్తాం. ఐదు లెక్కపెట్టేదాకా ఓర్చుకోలేకపోతే కుక్కల్ని నడిపించేది లేదు. అందుకే తెల్లారకముందే బయల్దేరేది.

కింద రామలింగేశ్వర దేవస్థానం నొళంబుల కాలంది. మేం లోపలికి పోయినప్పుడు బయట తాళ్ళు పట్టుకోను ఒకరుండాల. ఆ పని మా మావయ్య అడిగి తీసుకుంటాడు, ఆయనకు పూజకంటే బీడీ ముఖ్యం. గుట్టపైన సీతమ్మ గుడి. లవకుశులు పుట్టింది ఇక్కడేనని మా అవ్వ చెప్పేది.

కరియకు ఇప్పుడు 12 ఏళ్ళు. మచ్చ దూకుతా పోయింది, కరియ సగం దారిలో కూలబడింది. పేరు కన్నడందే గానీ అవ్వ పెంచిన కుక్క, తెలుగులో పిలిస్తేనే లేస్తుంది. పిల్లలు "బారో, బారో" అని విసిగిపోయారు. అవ్వ పోయి రెండేళ్ళయింది. మాలో అందరికంటే చిన్నది, ఇంట్లో కూడా కన్నడం తప్ప మాట్లాడనిది, దాని పక్కన కూచుని అచ్చం అవ్వ మాదిరే "రాప్పా, పోదాం రా" అనింది. కరియ చెవులు లేచినాయి. కాళ్ళు లేవలేదు.

ఇంక పైకి పోలేదు. దొన పక్కన నీడలో చిత్రాన్నం మూట విప్పినాం. దిగేటప్పుడు మావయ్య దాన్ని భుజాన వేసుకున్నాడు. ఇంటికొచ్చి రెండింటి వేళ్ళ సందుల్లో పల్లేరుకాయలు, చెవుల వెనక పిడుదులు ఏరేసరికి పొద్దుగూకింది.