చిలగడదుంప చిరుతిండి కాదు, భోజనమే!

మన కోస్తా జిల్లాల్లో చిలగడదుంప అంటాం. రాయలసీమవారు గెనుసుగడ్డ అంటారు. తెలంగాణాలో కందగడ్డ అనీ, మొరంగడ్డ అనీ అంటారు. పేరేదైనా మన ఇళ్ళల్లో దానికిచ్చిన చోటు మాత్రం ఒక్కటే. సాయంత్రంపూట పిల్లలకు చిరుతిండి, శివరాత్రినాడు పెద్దలకు ఫలహారం. చిక్కంతా ఇక్కడే వస్తోంది. చిలగడదుంప చిరుతిండి కాదు, పండు అంతకన్నా కాదు. అది అన్నంతో సమానమైన ఆహారం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నవారికి అది మేలు చేస్తుంది. మరచిపోయినవారికి, అందులోనూ షుగరు వ్యాధి వున్నవారికి, కీడు చేస్తుంది.

లెక్క చూడండి. పచ్చి చిలగడదుంప 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం, 3 గ్రాముల పీచు వుంటాయి. వండిన తెల్లన్నం 100 గ్రాములలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. పీచు ఒక గ్రాము కూడా వుండదు. అంటే 150 గ్రాముల దుంప తిన్నవారు ఇంచుమించు 100 గ్రాముల అన్నం తిన్నట్టే. కాబట్టి దుంప తిన్నపూట ఆ మేరకు అన్నం తగ్గించుకోవాలి. మనం చేసేదేమిటి? కడుపునిండా భోంచేసి, నాలుగింటికి రెండు దుంపలు తిని, రాత్రికి మళ్ళీ అన్నానికి కూర్చుంటాం!

ఉపవాసం వున్నవారి సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. తెనాలిలో మా అత్తగారికి చాలా ఏళ్ళుగా షుగరు వ్యాధి. ఒక శివరాత్రినాడు ఆవిడ అలవాటు ప్రకారం పొద్దున్నే మాత్ర వేసుకుని, పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకుండా పూజకు కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. వెంటనే గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించాం. పావుగంటలో తేరుకున్నారు. పొద్దుగుంకిన తరువాత ఆకలిమీద అర కిలోకు పైగా చిలగడదుంపలు తిన్నారు. "అమ్మాయ్, అన్నం ముట్టలేదుగా, దుంపలేగా!" అన్నారు. మర్నాడు పరీక్ష చేయిస్తే చక్కెర ఎక్కడికో పోయింది.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దలుంటే పండుగకు వారం ముందే డాక్టరుగారిని అడగండి. కొన్నిరకాల మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఉపవాసం అసలు వుండవచ్చునా, వుంటే మందు ఎంత, ఎప్పుడు అన్నది ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు మానకండి, మార్చకండి. చెమటలు, వణుకు కనబడితే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఎలా వండాలి?

నా పుట్టిల్లు బాపట్ల. అక్కడ నీళ్ళకాగు కింద నివురులో దుంపల్ని కప్పెట్టేవారు. ఆ తీపి కుక్కరులో ఉడికించిన దుంపకు రాదు. కారణం వుంది. నిదానంగా వేడెక్కేటప్పుడు దుంపలోని ఒక ఎంజైము పిండిని చక్కెరగా మారుస్తుంది. కుక్కరులో త్వరగా మరిగిపోతే దానికి ఆ వ్యవధి చిక్కదు. అందుకని షుగరున్నవారికి కాల్చినదానికన్నా నీళ్ళలో ఉడికించినది మంచిది. అది రక్తంలో చక్కెరను అంత వేగంగా పెంచదు.

మెట్టినింట దప్పళంలో గుమ్మడి, సొర, ములక్కాడ ముక్కలతోపాటు వేస్తారు. ఇది అన్నిటికన్నా మంచి పద్ధతి. నాలుగు ముక్కలతో సరిపోతుంది, పప్పుతో కలిపి తింటాం కనుక దుంపలో తక్కువగా వున్న మాంసకృత్తుల లోటు తీరుతుంది. బెల్లం పాకంలో వేసినవి, బజ్జీలు పండుగలకే వుంచుకోండి.

దుంప కొనేటప్పుడు ఒకటి కోసి లోపలి రంగు చూడండి. పైతోలు ఎర్రగా వున్నంత మాత్రాన లాభం లేదు. లోపల నారింజరంగు వుంటేనే విటమిన్ ఎ కి ఆధారమైన కెరోటిన్ సమృద్ధిగా వుంటుంది. తెల్లదానిలో అది నామమాత్రం. పిల్లల కళ్ళకు, రోగనిరోధక శక్తికి ఇది ఎంత ముఖ్యమంటే, ఆఫ్రికాలో నారింజరంగు దుంపను వ్యాప్తిచేసిన శాస్త్రజ్ఞులకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. మన దేశంలోనూ కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థవారు 'భూసోన' అనే నారింజరంగు రకాన్ని ఇచ్చారు. కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త నూనె వుండాలి. తాలింపు వేస్తే చాలు.

పెరట్లో పెంచుకోండి

మా ఆడపడుచుని రేపల్లె ఇచ్చారు. ఆవిడ దొడ్డిలోది కృష్ణ తెచ్చిన ఒండ్రు నేల, దుంపలు బాగానే దిగుతాయి. బాపట్ల ఇసుకనేలల్లో అయితే చెప్పనక్కరలేదు, దుంప ఊరడానికి అడ్డే వుండదు. చిక్కు మా తెనాలి నల్లమట్టితోనే. తడిస్తే బంక, ఎండితే బీటలు. అలాంటివారు ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టితో ఎత్తుగా బోదెలు చేసుకోండి. పెరడు లేనివారికి నీరు దిగిపోయేలా చిల్లులు పెట్టిన గోనెసంచీ చాలు.

నాటవలసింది దుంపను కాదు, తీగను. మూడు నాలుగు కణుపులున్న జానెడు ముక్కలు తీసుకుని, మధ్య కణుపులు మట్టిలో వుండేలా జానెడు ఎడంలో నాటండి. కార్తీకంలో నాటితే శివరాత్రి వేళకు అందివస్తాయి. యూరియా ఎక్కువ వేస్తే ఆకే మిగులుతుంది. పాకిన తీగ కణుపుకణుపుకీ వేళ్ళు దిగకుండా అప్పుడప్పుడు ఎత్తి తిప్పి వేయండి. ఒక దుంప కోసి చూడండి. కోసినచోట తెల్లగా ఆరితే తయారైనట్టు, నల్లబడితే ఇంకా ఆగాలి. తవ్వినవాటిని కడగకుండా వారంరోజులు నీడలో వుంచితే గీతలు మానిపోయి నిలవుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి లోపల గట్టిపడిపోతాయి.

మట్టి బీటలిస్తే ముక్కుపురుగు అందులోంచి దిగి దుంపను తొలుస్తుంది. అందుకే బీటలు కప్పుతూ మట్టి ఎగదోస్తుండాలి, ఏటేటా అదేచోట వేయకూడదు. పురుగు తొలిచినా, బూజుపట్టినా దుంప చేదెక్కుతుంది. ఆ చేదు విషపదార్థాలకు గుర్తు. ఉడికించినా పూర్తిగా పోదు. "పాడైంది కదా, గేదెకు వేద్దాం" అని కూడా అనుకోకండి. బూజుపట్టిన దుంపలు తిన్న పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. గొయ్యి తీసి పాతిపెట్టండి.

మూత్రపిండాల జబ్బు వున్నవారు, పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు ఆయన్ని అడగకుండా ఈ దుంప తినరాదు. మిగతావారు నిశ్చింతగా తినండి. దుంప వడ్డించిన పూట అన్నం గరిటె ఒకటి తగ్గించండి, పక్కన పప్పో, మజ్జిగో వుండేలా చూసుకోండి. అంతే!