సామర్లకోటలో నేర్చిన పాఠం

పిల్లలూ! మీరెప్పుడైనా సామర్లకోట చూశారా? చెన్నై నుంచి హౌరా వెళ్ళే రైలు మార్గంలో వున్న జంక్షను అది. కాకినాడ వెళ్ళే దారి అక్కడే చీలుతుంది.

2023 జనవరిలో నేను మా మనవడితో అక్కడ దిగాను. పంచారామాలలో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం వాడికి చూపించాలని నా కోరిక. వెయ్యేళ్ళకు పూర్వం చాళుక్యులు కట్టించిన ఆ గుడికి రెండంతస్తులు. సుమారు 14 అడుగుల శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తులోకి లేచి వుంటుంది.

"ఇంత పెద్ద ప్రహరీగోడ ఎందుకు తాతయ్యా?" అని అడిగాడు మనవడు.

"లోపల వున్నదానిని కాపాడటానికిరా," అన్నాను.

ఇంతలో వాడు వరసగా తుమ్మాడు. ముక్కు కారసాగింది. తిరిగి వస్తూ మందుల షాపులో సెఫిక్సిమ్ బిళ్ళలు అడిగాను. ఇదివరకు వాడికి జ్వరం వచ్చినప్పుడు డాక్టరు ఇచ్చిన మందే గదా అని నా ధీమా!

"చీటీ వున్నదా మాస్టారూ? అది లేకుండా ఈ మందు అమ్మకూడదు. అమ్మితే పుస్తకంలో రాయాలి. 2014 నుంచి ఇదే చట్టం," అన్నాడు షాపు కుర్రాడు.

నాకు కోపం వచ్చింది. విసవిసా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పిల్లవాణ్ణి పరీక్షించి నవ్వాడు.

"మాస్టారూ, బాక్టీరియాకు గుడి ప్రహరీలాంటి గోడ వుంటుంది. సెఫలోస్పోరిన్ మందులు ఆ గోడను సరిగా కట్టుకోనివ్వవు. అప్పుడవి పగిలి చస్తాయి. ఈ జలుబు తెచ్చినది వైరస్. దానికి ఆ గోడే లేదు. ఇక మందు దేనిని పడగొడుతుంది?"

"వేస్తే నష్టమేమిటి?" అన్నాను.

"ఇది అనేక రకాల బాక్టీరియాను చంపే మందు. కడుపులోని మంచివీ చస్తాయి. చావని మొండివి పెరుగుతాయి. వాటిలో కొన్ని మందునే విరిచేస్తాయి. రేపు నిజంగా పెద్ద జబ్బు చేస్తే ఈ మందు పనిచెయ్యకపోవచ్చు."

ఈ మందు పుట్టుక చిత్రమైనది. 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, మురుగునీరు సముద్రంలో కలిసేచోట, బ్రోట్సు అనే శాస్త్రజ్ఞుడికి ఒక బూజు దొరికింది. దాని నుంచి ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు సెఫలోస్పోరిన్‌ను వేరుచేశారు. ఈ జాతిలో మొదటి మందు 1964లో రోగులకు అందింది. అంత శ్రమపడి సాధించినదానిని తుమ్ములకు ఖర్చు చెయ్యవచ్చునా?

మా వాడికి విశ్రాంతి, వేడి వేడి చారన్నం సరిపోయాయి. నాలుగోనాడు బడికి వెళ్ళాడు.

పిల్లలూ! మందుల అట్ట మీద ఎర్రటి నిలువుగీత వుంటే, డాక్టరు చెప్పనిదే ఆ మందు వాడకూడదు. చెప్పితే, చెప్పినన్ని రోజులూ వాడాలి. ఇప్పుడు నేను ఏ మందు తెచ్చినా మా మనవడు ముందుగా ఆ గీత కోసమే చూస్తాడు!