దారం చెప్పిన దూరం

గోడమీది పటం చూసి ఊళ్ళ మధ్య దూరం కట్టకండి, మోసపోతారు. బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పటంలో గీత గీస్తే పసిఫిక్ మహాసముద్రం అంతా దాటాలి. మా అబ్బాయి గ్లోబుమీద దారం బిగలాగి చూద్దును కదా, ఆ దారి ఊసే లేదు! దారం తిన్నగా పైకెక్కి, ఉత్తరధ్రువ ప్రాంతం మీదుగా అవతలికి దిగింది. దగ్గరిదారి అదే. 2021 జనవరిలో ఎయిరిండియా విమానం ఆ దారినే ఎక్కడా ఆగకుండా బెంగుళూరు వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్. తక్కిన పైలట్లూ ఆడవాళ్ళే. (మావారికి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను.) సుమారు 14,000 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలతలో మూడోవంతుకు పైన, 17 గంటల్లో!

తిరువూరులో మాకు ఈ లెక్క సరదాకి కాదు. కిందటేడు ఎదురింటి తాతగారు పోయారు. ఒక్కగానొక్క కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో. "నేను వచ్చేదాకా ఉంచండి" అని ఫోను. ఎంతసేపు? పురోహితుడుగారూ అదే అడిగారు, ఐసుపెట్టె తెచ్చిన కుర్రాడూ అదే అడిగాడు. దొరికిన టిక్కెట్టు దుబాయిలో మారి హైదరాబాదుకు. అక్కణ్ణించి కారు. అంతా కలిసి ముప్పై గంటలు దాటింది. ఆ చివరి కారు ప్రయాణమే ఎంతకీ తరగలేదన్నారాయన తరవాత.

మామ్మగారు మెతుకు ముట్టలేదు. "ఇప్పుడెక్కడున్నాడే అమ్మాయ్?" అని గంటకోసారి అడిగేవారు. నేను గడియారం చూసి గ్లోబుమీద వేలు పెట్టేదాన్ని. దుబాయి దారమూ ధ్రువం మీదుగానే మరి. వేలు ఆ తెల్లటి మంచుమీదికి వచ్చేసరికి ఆవిడ చాలాసేపు అలాగే చూసి, "వాడికి చలి పడదు. స్వెట్టరు వేసుకున్నాడో లేదో" అన్నారు.